సారెతో పాటు టీకా కార్డు కూడా పంపండి

సంపాదకులకు నమస్కారం.

నేను 1986లో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో టీకాలు వేసే నర్సుగా ఉద్యోగంలో చేరి, కిందటి ఏడాది రిటైరయ్యాను. మా పక్కింట్లో జరిగిన విషయం మనసులోంచి పోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పక్కింటి అమ్మాయి తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. జులైలో పాప పుట్టింది. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి మొదటి రోజే పడ్డాయి. ఆరు వారాలవీ, పది వారాలవీ బుధవారాలు సబ్‌సెంటర్‌కి ఎత్తుకెళ్లి వేయించింది. దసరా వెళ్లాక మంచిరోజు చూసి చలిమిడి, అరిసెలు, ఊయలతో సహా మిర్యాలగూడలోని అత్తవారింటికి పంపారు. సంక్రాంతికి వచ్చినప్పుడు పాపని ఒళ్లో వేసుకుని, కార్డు ఏదమ్మా అని అడిగాను. వాళ్లమ్మ బీరువాలో చీరల కిందనుంచి తీసిచ్చింది. సారెతో అది వెళ్లనే లేదు. పద్నాలుగు వారాల గడులన్నీ ఖాళీ.

ఎవరూ టీకా వద్దనలేదు. ఇక్కడి ఆశా కార్యకర్త 'అత్తవారింటికి వెళ్లారు' అని రాసుకుంది. అక్కడి ఆశాకి ఆ ఇంట్లో చంటిబిడ్డ ఉన్నట్టే తెలియదు. వాళ్లే పిలుస్తారులే అని ఇంట్లోవాళ్లు ఊరుకున్నారు. మనవైపు మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డ ఊరు మారుతుంది. సరిగ్గా ఆ మధ్యలోనే పద్నాలుగు వారాలు నిండుతాయి. అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ మూడో డోసు, పోలియో చుక్కలు, పోలియో ఇంజెక్షన్, విరేచనాలు రాకుండా వేసే రోటా చుక్కలు, న్యుమోనియా టీకా, అన్నీ ఆ ఒక్కరోజే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ధనుర్వాతం వచ్చిన బిడ్డను చూశాను. పుట్టి వారమైనా కాలేదు. పాలు పడదామంటే దవడలు విడలేదు. తలుపు చప్పుడైతే చాలు, ఒళ్లంతా విల్లులా బిగుసుకుపోయేది. గర్భిణులకు ఊరూరా ఇంజెక్షన్లు వేయబట్టి, ఆసుపత్రి కాన్పులు పెరగబట్టి, 2015లో బాలింతల్లో, పసికందుల్లో ఆ జబ్బును మన దేశం నిర్మూలించగలిగింది. అందుకోసం మేం పొద్దున్నే ఐస్‌ప్యాక్ చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ల చప్పుడు విన్నాకే టీకాలు మోసుకెళ్లే క్యారియర్‌లో పెట్టేవాళ్లం. మరీ గట్టిగా ఉన్నది పెడితే టీకా గడ్డకట్టి పాడైపోతుంది. అంత జాగ్రత్తగా మోసుకెళ్లిన మందు, బిడ్డ ఊరు మారిందని అందకపోతే ఎలా?

ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా రికార్డు యూ-విన్‌లో పేరుంటే దేశంలో ఎక్కడైనా వేయించుకోవచ్చు. కానీ పిలిచే మనిషి కావాలి కదా. బాలింత బయల్దేరే ముందే ఇక్కడి ఏఎన్‌ఎం అక్కడి ఏఎన్‌ఎంకి ఫోన్ చేయడం డ్యూటీలో చేర్చాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ కోరుతున్నాను. దీనికి కొత్త యాప్ ఏమీ అక్కర్లేదు.

పాపకి ఆ శనివారమే వేయించాం. ఆలస్యమైందని మళ్లీ మొదటినుంచి వేయరు, ఆగిన చోటినుంచే వేస్తారు. ఇది తెలియక టెన్షన్‌పడి మానేసిన తల్లులను చూశాను. తొమ్మిది నెలలు నిండాక, ఏప్రిల్‌లో తట్టు-రుబెల్లా టీకా పడాలి. ఆ తేదీ, మిర్యాలగూడ ఆశా ఫోన్ నంబరు కార్డు వెనక నేనే రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆ అమ్మాయి చేతికిచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా