మన సినిమా సంఘం వార్షిక నివేదిక 2025–26: రంగ్రూట్ల సినిమాల ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. పోయినేడాది నివేదిక చివరిదాకా చదివినవాళ్లు ఇద్దరేనని తెలిసింది, అందుకే లెక్కలు ముందే చెప్పేస్తున్నాను. చందాల డబ్బులో హాలు అద్దె, జనరేటర్ డీజిల్, టీ పకోడీలు పోగా 1,140 రూపాయలు మిగిలాయి. ప్రొజెక్టర్‌కి కట్టిన అడ్వాన్స్‌లో సగం ఇంకా వెనక్కి రాలేదు. వానకి తడిసిందని అద్దెకిచ్చినాయన అంటాడు, పట్టా కప్పాం కదా అని మనం అంటాం. కప్పింది సినిమా సగమయ్యాక అనుకోండి.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా తీసిన సినిమాలు, అందులోనూ రంగ్రూట్ల, అంటే పట్టాళంలో కొత్తగా చేరినవాళ్ల ట్రైనింగ్ కథలు వేద్దామన్నది మన మాజీ సైనికుల పట్టు. మొదటి ఆట ఏప్రిల్ 6న పెట్టాం. 1942లో సరిగ్గా ఆ రోజే జపాన్ విమానాలు కాకినాడ మీద, విశాఖ మీద బాంబులు వేశాయి, ఆ గుర్తుగా బాగుంటుందనుకున్నాం. తీరా చూస్తే అదే రోజు శ్రీరామనవమి. ఊరంతా పందిట్లో ఉంది, హాల్లో పదకొండు మందిమి, అందులో ఇద్దరు పానకం ఇచ్చి వెళ్దామని వచ్చినవాళ్లు.

ఆ రోజు వేసింది ‘ది వే ఎహెడ్’, 1944లో కరోల్ రీడ్ తీసిన బ్రిటిష్ సినిమా. దుకాణంలో పైఅధికారీ, అతని కింద గుమాస్తా, పార్లమెంటు భవనంలో బాయిలర్‌కి బొగ్గు వేసేవాడూ, ఇలాంటివాళ్లంతా ఒకే బ్యారక్‌లో పడతారు. రైల్వే స్టేషన్లో వీళ్లు ఎవరో ఒక సార్జెంట్‌తో నోరు పారేసుకుంటారు, తీరా అతనే వీళ్లకి ఉస్తాద్, అంటే ట్రైనింగ్ ఇచ్చేవాడు అవుతాడు. లెక్చరర్‌గా రిటైరైన మన మాస్టారు మైకులో తెలుగు చెబుతూ వచ్చారు కానీ సార్జెంట్ అరిచినప్పుడల్లా ఆగిపోయారు, అక్కడ తెలుగుతో పనిలేకపోయింది. మన సుబేదార్ బాబాయి అయితే కుర్చీలోనే మడమలు దగ్గరకి చేర్చేశారు, నేను కళ్లారా చూశాను.

ఈ సినిమా రాసినవాళ్లలో పీటర్ ఉస్తినోవ్ అప్పటికి మామూలు సిపాయి, హీరో డేవిడ్ నివెన్ పెద్ద ఆఫీసరు. ఇద్దరూ కలిసి కూర్చుని పనిచేయడానికి పట్టాళం పద్ధతులు ఒప్పుకోవు కాబట్టి కాగితం మీద ఉస్తినోవ్‌ని నివెన్‌కి సహాయక్‌గా, అంటే ఆఫీసరు సొంత పనులు చూసే సిపాయిగా చూపించారట. ఇది చెప్పగానే మన మాజీ సైనికులు నవ్విన నవ్వుకి పక్కింటి కుక్క మొరిగింది. చివర్లో తెరమీద ‘సమాప్తం’ పడదు, ‘ఆరంభం’ అని పడుతుంది. ఎందుకంటే 1944లో యుద్ధం ఇంకా అయిపోలేదు, చూస్తున్న జనం బిడ్డలు అప్పటికీ అక్కడే ఉన్నారు.

సినిమా మొదట్లో ఇద్దరు ముసలి సైనికులు ఈ కాలం కుర్రాళ్లు దేనికీ పనికిరారని గొణుక్కుంటారు. అది చూసి మన మాజీ సైనికుల్లో ఎవరూ నవ్వలేదు. సినిమా కాగానే వాళ్లూ సరిగ్గా అదే మొదలుపెట్టారు.

ఆడవాళ్ల కోరిక మీద జులైలో లెస్లీ హోవర్డ్ తీసిన ‘ది జెంటిల్ సెక్స్’ వేశాం, 1943 నాటిది, సైన్యంలో చేరిన ఏడుగురు అమ్మాయిల కథ. ఊడ్పుల రోజులు కావడంతో జనం పలచగా వచ్చారు, పైగా వాన. ప్రొజెక్టర్ తడిసింది ఈ ఆటలోనే.

ఆ యుద్ధకాలం నాటిది కాకపోయినా, దసరా సెలవుల్లో హిందీ ‘లక్ష్య’కి మాత్రం హాలు నిండింది. డెహ్రాడూన్ అకాడమీ నుంచి పారిపోయిన కుర్రాడు మళ్లీ వెళ్లి ఆఫీసరై కార్గిల్ యుద్ధానికి వెళ్తాడు. ఇక్కడే పెద్ద గొడవ జరిగింది. ఏ భాష సినిమాలో చూసినా ట్రైనింగంతా ఒక్క పాటలో అయిపోతుందేంటి, పాట మొదట్లో పడిపోయినవాడు చివరికొచ్చేసరికి తాడు పట్టుకుని ఎగబాకేస్తాడు, నీలగిరుల్లోని వెల్లింగ్టన్ ట్రైనింగ్ సెంటర్లో నాకు మొదటి నెలంతా బూట్లు కరిచిన పుండ్లే గుర్తు, అని సుబేదార్ బాబాయి మైకు లాక్కున్నారు. రగడా, అంటే శిక్షగా చేయించే కసరత్తు ఏంటో, రాత్రి రెండింటికి లేపి పెట్టె సర్దించడం ఏంటో ఆయన చెబుతుంటే ఎవరూ లేవలేదు, పకోడీలు చల్లారిపోయాయి. నన్నడిగితే ఈ ఏడాది మనం వేసిన అసలు సినిమా అదే. జనాన్ని చేర్చుకోవడానికీ, ఇంట్లోవాళ్లకి ధైర్యం చెప్పడానికీ తీసిన సినిమాలు పుండ్ల సంగతి ఎందుకు చెబుతాయి? అయినా సార్జెంట్ గొంతు మాత్రం నిజమేనని ఆయనే ఒప్పుకున్నారు.

ఆ మర్నాటి నుంచే పట్టాళంలో చేరాలనుకునే కుర్రాళ్లకి కాలవ గట్టు మీద పరుగు మొదలైంది. తెల్లవారుజామున నాలుగున్నరకి లాకుల నుంచి రేవు దాకా 1,600 మీటర్లు కొలిచి సున్నంతో గీత గీశారు. సైన్యంలో చేర్చుకునే ర్యాలీలో ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తితే మొదటి గ్రూపు. టైము రాసే నోటుబుక్కు సుబేదార్ బాబాయి దగ్గరే ఉంటుంది, బాగాలేనివాడి పేరు పక్కన ఏమీ రాయరు, పెన్సిల్‌తో రెండుసార్లు చుక్క పెడతారు. అందులో ఒక కుర్రాడు అగ్నివీర్‌గా ఎంపికై గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌కి వెళ్లాడు. వాళ్లమ్మ ఒక డబ్బా సున్నుండలు సర్దితే, మొదటి రాత్రే బ్యారక్ మొత్తం ఖాళీ చేసేస్తుందమ్మా, రెండు సర్దు అన్నారట బాబాయి.

వచ్చే ఏడాది ఏ సినిమాలన్నది సమావేశంలో తేలుద్దాం. చందా బాకీ ఉన్నవాళ్లు ఆ రోజే కట్టేయండి, ప్రొజెక్టరాయన్నీ పిలిచాను, వస్తానన్నాడు.