సిగ్నల్ సంగతి, తాతయ్య చెప్పిన హద్దుల సంగతి

అమ్మలూ,

ఫోన్‌లో చెబుదామని మొన్న మొదలుపెట్టగానే నీకు మీటింగ్ వచ్చింది, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నా ఫోన్‌లో, నాన్న ఫోన్‌లో సిగ్నల్ అనే మెసేజ్‌ల యాప్ వేసి, ఇకనుంచి మన ముగ్గురం ఇందులోనే మాట్లాడుకుందాం అని చెప్పి వెళ్లావు. ఎందుకన్నావో నాకు తెలుసు. సంబంధాలు చూసే ఆవిడకు నేను నీ బయోడేటా వాట్సాప్‌లో పంపడం, ఆవిడ దాన్ని ఇంకో రెండు గ్రూపుల్లో పెట్టడం, వారం తిరక్కుండా ఎవరెవరో రాత్రి పదకొండింటికి నీకు హాయ్ అని మెసేజ్‌లు పెట్టడం. పుట్టిన తేదీ, టైము, జీతం, ఆఫీసు, ఫోన్ నంబరు, ఫొటో అన్నీ ఒకే పేజీలో. తప్పు నాది. నువ్వు కోప్పడితే "అందరూ అలాగే పంపుతారు కదే" అన్నాను, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అప్పట్నుంచి ఈ విషయం గురించి దొరికిందల్లా చదివాను. వాట్సాప్‌లో మనం రాసుకునేది కంపెనీ వాళ్లు చదివేస్తారని ఇన్నాళ్లూ అనుకున్నాను. 2016 నుంచి అందులోనూ మెసేజ్‌కు పడే తాళం సిగ్నల్ వాళ్లు తయారుచేసిందేనట, నా ఫోన్‌లో పడితే నీ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. తేడా అంతా కవరు మీది రాతలో ఉంది. ఎవరు ఎవరికి పంపారు, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఏ గ్రూపులో ఉన్నారు, ఇదంతా వాట్సాప్‌కు తెలుస్తుంది, ఆ వాట్సాప్ 2014 నుంచి ప్రకటనల మీద బతికే ఫేస్‌బుక్ వాళ్ల చేతిలో ఉంది. సిగ్నల్ విరాళాలతో నడుస్తుంది. 2018లో సిగ్నల్‌ను నడిపే ఫౌండేషన్ పెట్టడానికి 5 కోట్ల డాలర్లు ఇచ్చింది ఎవరనుకున్నావు, వాట్సాప్ పెట్టిన ఇద్దరిలో ఒకడైన బ్రయాన్ యాక్టనే. అమెరికాలో ఒకాయన ఖాతా వివరాలు ఇమ్మని కోర్టు కాగితం వస్తే సిగ్నల్ వాళ్లు ఇవ్వగలిగినవి రెండే రెండు తేదీలు, ఖాతా ఎప్పుడు తెరిచాడు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యాడు. మిగతావి వాళ్ల దగ్గరే లేవు. ఇది చదివాక నీ మాట మీద నాకు గురి కుదిరింది.

మీ బాబాయి మాత్రం టెలిగ్రామే సేఫ్ అంటాడు, చీటీల లెక్కలన్నీ అక్కడి గ్రూపులోనే పెడుతున్నాడు. అందులో సీక్రెట్ చాట్ అని విడిగా తెరిస్తే తప్ప ఆ తాళం పడదు, గ్రూపులకైతే అసలే లేదు. చెప్పాను, వినలేదు. నువ్వొకసారి చెప్పు, నీ మాటైతే వింటాడు.

ఇక రెండో వైపు. తాతయ్య మొన్న వరండాలో కూర్చుని, కాలువ కింది చేను హద్దులు చెప్పాడు. నీకూ ఉంటుందని నేను మన ముగ్గురి గ్రూపులోనే వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేశాను. నాలుగు నిమిషాలు. తూర్పున ఎవరి చేను, అది వాళ్లు ఎవరి దగ్గర కొన్నారు, పడమర పంట కాలువ, దక్షిణాన డొంక, ఈశాన్యం మూల ఒక తాటిచెట్టు ఉండేదట, గాలివానకు అది పడిపోతే అదే చోట రాయి పాతారట, ఆ రాయి ఇప్పుడు గట్టులో కూరుకుపోయి పై అంచు మాత్రం కనిపిస్తుందట. మధ్యలో దగ్గు, ఆగి మంచినీళ్లు తాగడం, "ఎక్కడిదాకా చెప్పానమ్మా" అనడం, అన్నీ ఉన్నాయి అందులో. పది రోజుల తర్వాత సర్వేయరు వస్తాడంటే నాన్న దానికోసం వెతికాడు. లేదు. నువ్వు గ్రూపుకు వారం టైమర్ పెట్టావు కదా, చెరిగిపోయింది. టైమర్ ఉన్నట్టు అందులో రాసే ఉంది, మేమే చూసుకోలేదు. మళ్లీ చెప్పమంటే తాతయ్య చెప్పాడు గానీ నిమిషంన్నరలో ముగించేశాడు, రాయి సంగతి ఎత్తనే లేదు. ఎనభై నాలుగేళ్లు, ఒక రోజు గుర్తున్నది ఇంకో రోజు ఉండడం లేదు. నాన్న బండి మీద ఎక్కించుకుని చేను దగ్గరికి తీసుకెళ్తే అక్కడ కాళ్లతో తడుముకుంటూ వెళ్లి రాయి చూపించాడు, అది మన అదృష్టం.

ఓటీపీలు, ఆధార్ ఫొటోలు చెరిగిపోవాలి, ఒప్పుకుంటాను. మనిషి గొంతు అలా పోకూడదు. మన గ్రూపుకు ఆ టైమర్ తీసెయ్యి, కాగితాల కోసం వేరే గ్రూపు తెరిచి దానికి పెట్టు.

వాట్సాప్ పూర్తిగా మానెయ్యమన్నావు చూడు, అది నా వల్ల కాదు. స్కూల్ గ్రూపులు, మా టీచర్ల గ్రూపు, పిన్నీ వాళ్లు, పాలబ్బాయి, అందరూ అక్కడే ఉన్నారు. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు వచ్చినప్పుడు మా స్టాఫ్‌రూమ్‌లో తొమ్మిది మందిమి సిగ్నల్ వేసుకున్నాం, నెల తిరిగేసరికి ఎవరూ లేరు. అవతల మనిషి లేనప్పుడు ఎంత గట్టి తాళమైనా ఏం చేసుకుంటాం? కాకపోతే ఒక పని చేశాను. వాట్సాప్ బ్యాకప్‌కు మామూలుగా ఆ తాళం ఉండదట, మనమే పెట్టుకోవాలట, పెట్టాను. ఆ పాస్‌వర్డ్ పోతే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు కాబట్టి బీరువాలో పాస్‌బుక్కుల పక్కనున్న నోటుబుక్కులో రాశాను. నాన్న సిగ్నల్ పిన్ కూడా అందులోనే ఉంది, నీకు తెలిసుండాలని చెబుతున్నాను.

ఇన్ని చదివినా నా మనసులోంచి పోని మాట ఒకటుంది. నీ బయోడేటా నేను సిగ్నల్‌లో పంపినా అదే జరిగేది. తాళం దారిలోనే కాపాడుతుంది, ఆవిడ ఫోన్‌లో తెరుచుకున్నాక ఆవిడ ఇష్టం. ఎవరికి ఇస్తున్నానో, ఎంత ఇస్తున్నానో నేను చూసుకోవాల్సింది. ఆవిడకు ఫోన్ చేసి పెట్టిన గ్రూపుల్లో తీసేయించాను. ఎన్ని చోట్లకు ఫార్వర్డ్ అయిందో ఆవిడకూ తెలియదు, అది తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది.

కొత్తది తయారుచేశాం. నీ నంబరు తీసేసి నాన్నది పెట్టాం, ఆఫీసు పేరు లేదు, పుట్టిన టైము అడిగినవాళ్లకే చెబుతాం. నువ్వు సరేననేదాకా ఎవరికీ పంపను. ఈ ఉత్తరం వెనకే సిగ్నల్‌లో పెడుతున్నాను, చూసి ఇంకా ఏం తీసెయ్యాలో చెప్పు. ఫొటో ఉంచాలా వద్దా అన్నది కూడా.

అమ్మ