ముందు కాళ్ళ సంగతి చూడు, చేతులు తర్వాత

చిన్నీ,

పడవ వెనక తాడు పట్టుకుని ఒకే స్కీ మీద వాటర్ స్కీయింగ్ చేస్తూ నువ్వు తీయించి పంపిన వీడియో ఆపి ఆపి చూశాను. ముంజేతులు పట్టేస్తున్నాయి, కాసేపటికే తాడు చివరి హ్యాండిల్ జారిపోతోంది, గ్రిప్ ఎలా మార్చుకోవాలి అని అడిగావు కదా. గ్రిప్ గురించి చెప్తాను గానీ నీ అసలు ఇబ్బంది చేతుల్లో లేదు, కాళ్ళ దగ్గరుంది.

పడవ వేగం అందుకోగానే నువ్వు వెనక కాలి మీద కూర్చుండిపోతున్నావు. దాంతో స్కీ ముక్కు పైకి లేస్తోంది, వెనక భాగం నీళ్ళలోకి దిగబడి స్కీ నెమ్మదిస్తోంది, ఆ లాగుడంతా తాడు మీదుగా వచ్చి నీ చేతుల మీద పడుతోంది. నువ్వేమో మోచేతులు మడిచి హ్యాండిల్‌ని ఛాతీ దగ్గరకు లాక్కుంటున్నావు. పడవతో బలపరీక్ష పెట్టుకుంటే గెలిచేది పడవే!

అసలు ఏ కాలు ముందుండాలో తేల్చుకున్నావా, లేక పక్కవాళ్ళని చూసి ఎడమ కాలు పెట్టేశావా? రెండు స్కీల మీద మెల్లగా వెళ్తూ ఒకదాన్ని నీళ్ళ మీంచి కొంచెం ఎత్తి చూడు, తర్వాత రెండోది. ఏ కాలి మీద తూలకుండా నిలబడగలిగావో అది ముందు కాలు. చెప్పకుండా వెనక నుంచి తోస్తే ఏ కాలు ముందుకు పడుతుందో అదే అనే పద్ధతి కూడా ఉంది, నాకైతే దాని మీద అంత గురి లేదు.

మోకాళ్ళు వంచు, మోకాళ్ళు వంచు అని అందరూ అరుస్తారు. ఒక్క మోకాళ్ళే వంచితే నడుము వెనక్కి పోతుంది, నీకు జరుగుతున్నదదే. వంగాల్సింది ముందు కాలి చీలమండ. కాలి ముందు ఎముక బూటు నాలుకకు ఒత్తుకుంటున్నట్టు తెలిసిందంటే తుంటి దానంతటదే ముందు పాదం మీదకొస్తుంది. బరువు రెండు కాళ్ళ మీదా ఉండాలి, ముందు కాలి మీద పిసరంత ఎక్కువ. అన్నట్టు స్కీ మీది బూట్లు ఒకటి బిగుతుగా ఒకటి వదులుగా ఉంచకు, పడ్డప్పుడు ఒక కాలు ఊడొచ్చి ఇంకోటి స్కీలోనే ఇరుక్కుంటే చీలమండ మెలిపడుతుంది.

ఇక చేతులు. ఒక అరచెయ్యి పైకి, ఒకటి కిందికి, బేస్‌బాల్ గ్రిప్ అంటారే అది. రెండూ కిందికి పెడితే లాగుడు ఎక్కువైనప్పుడు హ్యాండిల్ వేళ్ళలోంచి దొర్లిపోతుంది. కుడి కాలు ముందుంటే ఎడమ అరచెయ్యి పైకి, ఎడమ కాలు ముందుంటే కుడి అరచెయ్యి పైకి, ఎక్కువమంది పాటించేది ఇదే. నీ గ్లవ్స్ అరచేతి మధ్యలో అరిగిపోయి ఉన్నాయి, అంటే హ్యాండిల్‌ని అరచేతిలో పెట్టి పిసికేస్తున్నావు. నిండు బకెట్ ఎత్తేటప్పుడు వేళ్ళు కొక్కెంలా వంచుతామే, అలా పట్టుకుంటే చాలు. చేతులు చాచే ఉంచు, మోచేతులు జాకెట్‌కి దగ్గరగా, హ్యాండిల్ తుంటి ఎత్తులో.

బోయ్ దగ్గర, అంటే నీళ్ళ మీద తేలే గుర్తు బంతి దగ్గర, తిరిగేటప్పుడు పడవ వైపు చెయ్యి హ్యాండిల్ మీదే ఉండాలి, రెండోది వదలాలి. నువ్వు వదిలిన చేతిని మళ్ళీ తీసుకొచ్చేటప్పుడు తొందరపడి భుజం తిప్పేసి తాడుని గుంజుతున్నావు. హ్యాండిల్ నీ దగ్గరకు రావడం కాదు, నీ నడుమే హ్యాండిల్ దగ్గరకు వెళ్ళాలి. పూర్తి తాడు 18.25 మీటర్లు కాబట్టి ఇప్పుడు ఎలాగోలా నెట్టుకొస్తున్నావు. పోటీల్లో దాన్ని తగ్గించుకుంటూ 9.75 దాకా తెస్తారు, బోయ్ మాత్రం పడవ వెళ్ళే మధ్య గీత నుంచి 11.5 మీటర్ల దూరంలోనే ఉంటుంది. అంటే తాడు బోయ్ దాకా రాదు, మిగతా దూరం ఒళ్ళు వాల్చి అందుకోవాల్సిందే. అక్కడ వెనక కాలి మీద కూర్చుంటే ఏం జరుగుతుందో ఊహించుకో.

ఈ వారం బోయ్‌ల జోలికి వెళ్ళకు. వేగం తగ్గించమని డ్రైవర్‌కి చెప్పి, చీలమండ ఒక్కటే గమనించుకుంటూ పడవ వెనక లేచే అలల అవతలికీ ఇవతలికీ దాటుతూ ఉండు. ఈసారి వీడియో మాత్రం పడవలోంచి కాదు, ఒడ్డు నుంచి తీయించు, పక్కనుంచి చూస్తే గానీ నీ నడుము ఎక్కడుందో నాకు తెలియదు.

నాన్న