సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించే వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సభకు విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారములు. మన చరిత్ర సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే కనుక నేరుగా ఈ ఏడాది పనికే వస్తున్నాను. నెలవారీ ప్రసంగాలు ఎప్పటిలాగే జరిగాయి. మిగిలిన సమయం, శ్రమ దాదాపు అంతా 1951 జనగణన అంకెల నుంచి ఆంధ్ర రాష్ట్ర జనాభాను కూడి తీసే పట్టికకే పోయింది.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో ఎంతమంది జనం ఉండేవారని గత సమావేశంలో ఒక సభ్యుడు అడిగారు. ఆ రాష్ట్రం పేరుతో జనాభా లెక్క ఏనాడూ తీయలేదు. స్వతంత్ర భారతదేశపు తొలి జనగణన 1951 మార్చి 1 నాటిది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. 1961 జనగణన నాటికి ఆ రాష్ట్రమే లేదు. 1951లో ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది కనుక, దాని జనం అంతా మద్రాసు రాష్ట్రపు జనగణన సంపుటాల్లోనే ఉన్నారు.

ఆంధ్ర రాష్ట్రపు పదకొండు జిల్లాల అంకెలు కూడితే సరిపోదా అని పని మొదలుపెట్టే ముందు మనలో చాలామంది అనుకున్నారు. మన జిల్లానే చూడండి. 1951 సంపుటంలోని కర్నూలు జిల్లాలో ఆదోని, ఆలూరు లేవు, అవి అప్పుడు బళ్ళారి జిల్లాలోనివి. 1953లో బళ్ళారి మైసూరుకు పోగా ఈ రెండు తాలూకాలు మనకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. మరోవైపు 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్ళిన మార్కాపురం, గిద్దలూరు ఆ సంపుటంలో మన లెక్కలోనే ఉన్నాయి. 1948లో విలీనమైన బనగానపల్లె సంస్థానం కూడా అందులో ఉంది గానీ, 1901 జనగణనలో దాని 32,264 మంది జనాభాను జిల్లాతో కలపకుండా విడిగా చూపారు. ఈ సంగతులు చెప్పకుండా పాత కర్నూలు అంకెను ఇప్పటి అంకెతో పోల్చే వ్యాసాలు పత్రికల్లో ఇంకా వస్తూనే ఉండటం విచారకరం.

1961 ఆంధ్రప్రదేశ్ సంపుటాలు 1951 అంకెలను హద్దుల ప్రకారం సరిచేసి ఇచ్చాయి గదా అన్నవారూ ఉన్నారు. ఆ సవరణ 1961 నాటి హద్దులకు జరిగినది. అప్పటికే భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాకు, తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిపోయాయి; 1953లో ఇవి రెండూ ఆంధ్ర రాష్ట్రానివే. అందువల్ల తాలూకాల వారీగా కూడుకుంటూ రావడం తప్ప వేరే దారి లేకపోయింది.

ఈ పట్టికను అక్టోబరు 1న జరిగిన ప్రదర్శనలో ఉంచాము, ఇది మన సంఘానికి గర్వకారణం. హాలు గోడకు కట్టిన గుడ్డ పటంపై 1951 జిల్లా హద్దులను నల్ల రంగుతో గీసి, 1953 హద్దులను ఎర్రదారంతో కుట్టించాము. ఆదోని నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ దారం మీద వేలు పెట్టి, "మేము పుట్టింది బళ్ళారి జిల్లాలో, పెరిగింది కర్నూలు జిల్లాలో, ఇల్లు మాత్రం కదల్లేదు" అనగానే చుట్టూ చేరిన పిల్లలు నవ్వారు. పటాన్ని కుట్టిన దర్జీ సోదరునికి, కూడికలను రెండోసారి సరిచూసిన విశ్రాంత తహసీల్దారు గారికి, హాలును అద్దె లేకుండా ఇచ్చిన పాఠశాల యాజమాన్యానికి, ఫ్లెక్సీలు సగం ధరకే వేసి ఇచ్చిన ప్రెస్సు వారికి, మధ్యాహ్నం మజ్జిగ పంచిన మహిళా సభ్యులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

చెప్పక తప్పని మాట ఒకటుంది. అంకెలు దిగరాసే పనికి చేతులెత్తిన సభ్యుల్లో సగం మంది మొదటి ఆదివారం తర్వాత కనిపించలేదు. పాత సంపుటాల కోసం వెళ్ళిన ఒక కార్యాలయంలో, బీరువా తాళం ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నారన్న జవాబే వెళ్ళినప్పుడల్లా వచ్చింది. చివరకు ఆ పుస్తకాలు ఒక సభ్యుని బంధువుల ఇంట్లో దొరికాయి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు ప్రతులుగా పంచారు. ఆడిట్ పూర్తయింది, బాకీలు లేవు.

రానున్న ఏడాదికి ఒక ప్రతిపాదన. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1 నాటి లెక్కగా జరగనున్నది. 2011లో 40,53,463 మంది ఉన్న మన జిల్లా నుంచి 2022 ఏప్రిల్‌లో నంద్యాల విడిపోయింది గనుక, కొత్త అంకెలు రాకముందే 2011 లెక్కను మండలాల వారీగా రెండు జిల్లాలకు విడదీసి పట్టిక సిద్ధం చేయాలని కార్యవర్గం తీర్మానించింది. సభ ఆమోదం కోరుతున్నాను. పనిచేయదలచినవారు కోశాధికారి వద్దనున్న పుస్తకంలో పేర్లు రాయగలరు. గత ఏడాది రాసి రానివారు కొంచెం ఆలోచించి రాయాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి,
కర్నూలు