కింది దవడ లెక్క ఎవరు చెప్తారు?

అయ్యా,

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో, నవ్వితే చిగుళ్లు బయటపడేవారికి చేసే పై దవడ ఆపరేషన్ గురించి వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఓర్చుకున్నాను. 1901లో ముఖం ఎముకలు విరిగే గీతలను వివరించి, ఈ ఆపరేషన్‌కు తన పేరు మిగిల్చిన ఫ్రెంచి వైద్యుడు లె ఫోర్ గురించి రాయడానికి చోటు దొరికింది. కింది దవడ ఊసే లేదు.

పై దవడను 4 మిల్లీమీటర్లు పైకి జరిపితే కింది దవడ ఉన్నచోటే ఉండిపోదు. చెవి ముందున్న కీలు దగ్గర తిరిగి తానూ పైకి లేస్తుంది, గడ్డం ముందుకు వస్తుంది. పై దవడను దించితే గడ్డం కిందికి, వెనక్కి పోతుంది. కింది పళ్లు ఎక్కడ ఆగుతాయో తేలితే కదా పై దవడను ఎంత ముందుకు తేవాలో తెలిసేది!

మా అమ్మాయికీ ఈ ఆపరేషనే చేయించాలనుకున్నాం. తనకు గడ్డం అసలే కాస్త ముందుకు ఉంటుంది. మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఎక్స్‌రే మీద గీతలు గీసి, కంప్యూటర్‌లో నవ్వు ముఖం చూపించి తేదీ ఇచ్చేశారు. గడ్డం సంగతి అడిగితే "అదే సర్దుకుంటుంది" అన్నారు. రెండో డాక్టరు అమ్మాయి చెవుల ముందు వేళ్లు ఆనించి నోరు మెల్లగా తెరిపించి, మూయించి చూశారు. దవడ కీలుకు పై పళ్లు ఎక్కడున్నాయో కొలిచే ఫేస్‌బోతో కొలత తీసుకుని, పళ్ల ప్లాస్టర్ అచ్చులను దవడలా తెరిచి మూసే ఆర్టిక్యులేటర్ అనే పరికరంలో బిగించారు. పై అచ్చును పైకి జరిపి కింది అచ్చును మూసేసరికి కింది ముందుపళ్లు పై పళ్లను దాటి బయటికొచ్చాయి. నా భార్య నోట మాట రాలేదు. పై దవడను పైకే కాదు, ముందుకూ తేవాలని అప్పుడు తేలింది. కీలు తిరగడమే కాక జారుతుందనీ, తిరిగే కేంద్రం అందరికీ ఒకేచోట ఉండదనీ, అందుకే ఎక్స్‌రేలో ఒక చుక్క పెట్టి వేసిన అంచనా తప్పవచ్చనీ ఆయనే ఓపికగా చెప్పారు. మొదటి చోట ఇచ్చిన తేదీకే ఒప్పుకుని ఉంటే?

ఈ "సర్దుకుంటుంది" అనే మాట విని విని విసిగిపోయాను. కుళాయిలో నీళ్లు రాకున్నా అదే, పింఛను లెక్క తప్పినా అదే. కొలిచి చెప్పే అలవాటే పోయింది. ఇక్కడ చెప్పేవారు లేకనే జనం హైదరాబాద్, బెంగళూరు బస్సులెక్కుతున్నారు. మాతో సంతకం పెట్టించుకున్న కాగితంలో రక్తస్రావం ఉంది, పెదవి తిమ్మిరి ఉంది. గడ్డం ఎంత కదులుతుందో లేదు. ఆ అంకె రాయకుండా సంతకం తీసుకోకూడదని వైద్య అధికారులు ఆదేశించాలి. మీరూ వచ్చే ఆదివారం కింది దవడ గురించి రాయండి.

— ఒక తండ్రి, బి.క్యాంపు, కర్నూలు