షుగరు వైద్యానికి మార్కులు వేసేదెలా?

ప్రియమైన శ్రీనూ,

"ఒంటికి అంటించుకునే షుగరు సెన్సర్లు వచ్చి ఇన్నేళ్ళయినా మీ అమెరికాలో డాక్టర్లకు మార్కులు ఆ మూడు నెలల పరీక్షతోనే వేస్తున్నారా?" అని నువ్వు దెప్పావు కనుక, క్షేమసమాచారాలు పక్కనపెట్టి ఆ సంగతే రాస్తున్నాను. బీమా పథకాల నాణ్యతను లెక్కగట్టే ఎన్‌సీక్యూఏ, 2024 నుంచి 18–75 ఏళ్ళ షుగరు రోగుల విషయంలో నువ్వన్న ఆ మూడు నెలల సగటు పరీక్ష హెచ్‌బీఏ1సీ బదులు, సెన్సర్ రీడింగుల నుంచి దానికి సమానంగా అంచనా కట్టే జీఎంఐనైనా ఒప్పుకుంటోంది. 8 శాతం లోపుంటే అదుపులో ఉన్నట్టు, 9 దాటితే లేనట్టు. ఆ ఏడాది ఏ ఫలితమూ లేని రోగిని కూడా 9 దాటినవారిలోనే కలుపుతారు. పరీక్షే చేయించకుండా మంచి పేరు కొట్టేసే వీలు లేకుండా చేశారు కాబట్టి ఈ నిబంధన నాకు నచ్చింది.

నచ్చనిది జీఎంఐ. సెన్సర్ చూపిన సగటు షుగరును (మి.గ్రా./డె.లీ.లో) 0.02392తో హెచ్చవేసి 3.31 కలిపితే వచ్చే అంకె అది. సగటు 154 అయితే జీఎంఐ 7. అయిదు నిమిషాలకొకటి చొప్పున రోజుకు 288 రీడింగులిచ్చే పరికరాన్ని చేతికి అంటించి, చివరికి వాటన్నిటినీ మళ్ళీ ఒక్క సగటు కింద కుదించడం ఏం తెలివో నాకు అర్థం కాదు. తెల్లవారుజామున 50కి పడిపోయి, టిఫిను తిన్నాక 260కి ఎగబాకే మనిషికీ, రోజంతా 130కీ 180కీ మధ్యనే తిరిగే మనిషికీ అదే 7 రావచ్చు కదా! మొదటి మనిషి ఇన్సులిన్ మోతాదు మార్చవలసిన డాక్టరుకు మాత్రం పూర్తి మార్కులు పడిపోతాయి.

సెన్సర్ లక్ష్యాలపై నిపుణులు రాసిన 2019 అంతర్జాతీయ ఏకాభిప్రాయ పత్రం ఇంతకంటే మేలైన దారి చూపింది. 70–180 మధ్య కనీసం 70 శాతం సమయం, అంటే రోజుకు దాదాపు 17 గంటలు ఉండాలి. 70 కిందికి జారిన సమయం గంటకు మించరాదు. 54 కింద పావుగంటకు మించరాదు. నన్నడిగితే ఈ చివరి రెంటినీ సగటులో కలిపెయ్యకుండా విడిగా చూపాలి. షుగరు పడిపోవడం, పెరగడం రెంటి ప్రమాదాన్నీ ఒక్క అంకెలో చెప్పే జీఆర్ఐ సూచిక 2022లో వచ్చింది; అందులో 54 కింద గడిపిన సమయానికి 3, 250 పైన గడిపినదానికి 1.6 చొప్పున బరువు ఇచ్చారు; మంచాన పడేసే ప్రమాదం ఎటువైపు ముందొస్తుందో తెలిసినవాళ్ళు వేసిన లెక్క అది.

ఇక మన దగ్గరి సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, ఐరన్ లోపమేమో హెచ్‌బీఏ1సీని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతుంది. కనుక సెన్సర్ వల్ల మేలు నీ పేషెంట్లకే ఎక్కువ. కానీ సొంత డబ్బుతో ఎప్పుడో ఒక సెన్సర్ పెట్టించుకుని, ఆ రెండు వారాలూ స్వీట్లు మానేసిన మనిషి గ్రాఫు ఏడాదంతటికీ సాక్ష్యం కాదు. సెన్సర్ ఉన్న చేతి మీదికి ఒరిగి పడుకుంటే తెల్లవార్లూ కనిపించే దొంగ "లో"లను, అంటే షుగరు నిజంగా పడిపోకుండానే తక్కువగా చూపే రీడింగులను కూడా ఏరెయ్యాలి. అసలు 14 రోజుల్లో 70 శాతం డేటా అయినా లేకపోతే మార్కులే వెయ్యకూడదు.

ముసలివారికి లక్ష్యమే వేరు: 70–180 పరిధిలో 50 శాతం సమయం చాలు, 70 కింద మాత్రం 1 శాతమే. నీ వార్డులోని పెద్దవాళ్ళకు ఏ గీత పెట్టుకుంటున్నావో వివరంగా రాయి.

నీ
రఘు