అది ఫొటో కాదు

పరారుణ ఇంటర్‌ఫెరోమీటర్లతో, అంటే పలు టెలిస్కోపులకు అందిన పరారుణ కాంతిని కలిపి కొలిచే ఏర్పాట్లతో, రూపొందించిన చిత్రాలను, నక్షత్రాల చుట్టూ ఉండే ధూళి వలయాలవి, పత్రికలు 'ఫొటో' అని అచ్చువేయడం తప్పు. చిలీలోని పరానల్‌లో నాలుగు టెలిస్కోపుల కాంతిని కలిపే గ్రావిటీ, మ్యాటిస్ పరికరాలకు దొరికేది బొమ్మ కాదు. దొరికేవి ఆరు టెలిస్కోపు జంటల వ్యతికరణ పట్టీలు (రెండు టెలిస్కోపుల కాంతి కలిసినప్పుడు ఏర్పడే వెలుగు-చీకటి చారలు), వాటి వెలుగు-చీకట్ల తేడా, దశ (ఆ చారలు ఎంత పక్కకు జరిగాయన్న కొలత). ఆ దశను వాతావరణం మిల్లీసెకన్లలో చెదరగొడుతుంది కాబట్టి, మూడేసి టెలిస్కోపుల మధ్య ఏర్పడే మూడు జంటల దశలను కూడి ఆ దోషాన్ని కొట్టేస్తారు. మిగిలిన అరకొర కొలతలకు సరిపడే బొమ్మను కంప్యూటర్ వెతుకుతుంది. కదిలే చిన్న టెలిస్కోపులను తగినన్ని స్థానాలకు మార్చి చూడకపోతే లేని చుక్కలు పుట్టుకొస్తాయి. వాటికే 'పుడుతున్న గ్రహం' అని శీర్షిక పడుతుంది! పోలికకు ఎంచుకున్న నక్షత్రం జంట నక్షత్రమని తర్వాత తేలితే, దానితో సరిచూసిన కొలతలన్నీ అనుమానమే. టెలిస్కోపుల మధ్య 130 మీటర్ల ఎడంతో 2.2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వద్ద విడదీయగలిగేది సుమారు 3.5 మిల్లీ ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను డిగ్రీలో 3600వ వంతు, మిల్లీ అందులో వెయ్యో వంతు), అంటే 140 పార్సెక్‌ల (సుమారు 460 కాంతి సంవత్సరాల) దూరాన భూమి-సూర్యుల మధ్య దూరంలో సగం. చిత్రంలో అంతకన్నా సన్నని వివరాలను తేలిగ్గా నమ్మలేం. కాబట్టి చిత్రం కింద తరంగదైర్ఘ్యం, గరిష్ఠ ఎడం, 'కొలతల నుంచి పునర్నిర్మించినది' అన్న మాట వేయాలి. విడదీయగల పరిమితిని మూలన చిన్న దీర్ఘవృత్తంగా చూపాలి. గ్రహమన్న కబురును మరో తేదీ కొలతల్లోనూ ఆ చుక్క నిలిచాకే అచ్చువేయాలి.